పలకకూడని 'హ'

మొన్న ఆదివారం భోజనాలయ్యాక వరండాలో పడక్కుర్చీ వేసుకుని ఒక కునుకు తీద్దామని కళ్ళు మూశానో లేదో, లోపలి గదిలోంచి ఒక దొరగారి గొంతు వినిపించి ఉలిక్కిపడ్డాను. సెలవులకి ఇంటికొచ్చిన మా అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని వీడియో గేమ్ ఆడుతోంది, అందులో ఒక ప్రభువు తన కోట మెట్ల మీద నిలబడి వంశగౌరవం గురించి ఇంగ్లీషులో ఉపన్యాసం దంచుతున్నాడు. ఆ మాటలు నాకు కంఠతా వచ్చు, ఎందుకంటే పెళ్ళికాని రోజుల్లో హైదరాబాదులో ఆ ప్రభువు మాటలు హెడ్‌ఫోన్లలో వినడమే నా ఉద్యోగం. అప్పటి ఆటనే ఇప్పుడు కొత్త బొమ్మలతో, కొత్త గొంతులతో మళ్ళీ తయారుచేసి అమ్ముతున్నారట. అంతవరకూ బాగానే ఉంది గానీ ఆయన 'ఆనర్' అన్నాడు. శుభ్రంగా, ఏ దోషమూ లేకుండా అన్నాడు. అదిగో, అక్కడ నాకు అనుమానం తగిలింది. లేచి గది గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి వంటింట్లోంచి మా ఆవిడ కూడా తడిచేతులతో వచ్చి నిలబడి ఉంది. ఆవిడా విన్నదన్నమాట.

ఈ అనుమానం నాకు మా అమ్మ ఇచ్చిన ఆస్తి. పలాసలో మా ఇంటి అరుగు మీద జీడిపిక్కలు ఒలుస్తూ కూర్చునే మా అమ్మకి వీధిలో పోయేవాళ్ళ మొహాలు చూడాల్సిన పని ఉండేది కాదు, గొంతు వింటే చాలు, తలెత్తకుండానే వాళ్ళ ఊరు చెప్పేసేది. నౌపడ ఉప్పుమడుల్లో పనిచేసేవాళ్ళు గాలికి ఎదురు అరిచి అరిచి పక్కనున్న మనిషితో కూడా గట్టిగానే మాట్లాడతారనీ, ఇచ్ఛాపురం వాళ్ళ తెలుగు కింద ఒడియా సన్నగా వినిపిస్తుందనీ, టెక్కలి వాళ్ళు మాట చివర కొంచెం లేపి వదుల్తారనీ ఆవిడ సిద్ధాంతం. ఎవడైనా తనది టెక్కలి అని చెప్పుకుని గొంతులో మరో ఊరు వినిపించాడా, ఇక వాడికి మా ఇంట్లో మంచినీళ్ళయితే దొరికేవి గానీ నమ్మకం దొరికేది కాదు. మా నాన్న నవ్వి ఊరుకునేవాడు. నేను మాత్రం ఆవిడ పక్కనే కూర్చుని ఆ విద్య అంతా పట్టేశాను.

అన్ని ఊళ్ళలోకీ ఆవిడ చెవికి తొందరగా అందేది ఉద్దానం గొంతు. ఆ ఉద్దానంలోనే, వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డున ఒక కొబ్బరితోటల ఊరు ఆవిడ పుట్టిల్లు. నాకు మావయ్య అక్కడే వ్యవసాయం చేసుకునేవాడు, చెట్టంత మనిషి, కిడ్నీ జబ్బు పట్టుకుని మా కళ్ళముందే కరిగిపోయాడు. నీళ్ళే అన్నారు, మరేదో అన్నారు, ఇప్పటికీ ఇదీ కారణమని తేల్చినవాళ్ళు లేరు. ఆయన పోయిన తర్వాత మా అమ్మ పుట్టింటి వైపు బస్సు ఎక్కడం మానేసింది. నాకు సంబంధాలు చూడాలన్న మాట ఇంకా పుట్టకముందే, ఏ వైపు పిల్లనైనా తెచ్చుకో గానీ ఆ వైపు పిల్లని మాత్రం తేవద్దని నాచేత ఒట్టు వేయించుకున్నంత పని చేసింది.

చదువుకని హైదరాబాదు వెళ్ళాక గానీ నా గొంతులో కూడా ఒక ఊరు ఉందని నాకు తెలియలేదు. 'ఏటి' అంటే నవ్వారు, 'సూడు' అంటే నవ్వారు. మన శ్రీకాకుళం వైపు వాళ్ళకి చ అన్న చోటల్లా స పలుకుతుంది కదా, ఆ నవ్వులకి భయపడి నేను నోట్లో ఉన్న ప్రతి స మీదా అనుమానం పెంచుకుని, ఇది నిజంగా స కాదేమో, చ అయి ఉంటుందేమో అని దిద్దుకోవడం మొదలుపెట్టాను. ఒకరోజు హాస్టల్లో స్నానానికి వెళ్తూ పక్కగదివాణ్ణి 'చబ్బు' అడిగాను. ఆ చదువు పూర్తయ్యేదాకా నా పేరు చబ్బే. మన బాధ మన తరం వాళ్ళకి విడమర్చి చెప్పనక్కర్లేదు, మీలో చాలామందికి ఇలాంటి పేరొకటి ఉండే ఉంటుంది. అప్పటినుంచి ఎవరడిగినా మాది వైజాగ్ అని చెప్పేవాణ్ణి, ఏ పేట అంటే మాట మార్చేసేవాణ్ణి.

ఆ తర్వాత దొరికింది ఆ ఉద్యోగం. విదేశాల్లో వీడియో గేములు తయారుచేసేవాళ్ళు నటుల చేత పాత్రల మాటలు చెప్పించి, ఆ రికార్డింగులు మా ఆఫీసుకి పంపేవారు. రాతప్రతిలో ఉన్న మాటే పలికాడా, స్కాట్లండ్ వాడిగా మొదలైన పాత్ర మధ్యలో అమెరికా వాడైపోయాడా అని విని చెప్పడం మా పని. నిజం చెప్తున్నాను, మొదటి వారంలోనే నాకు మా అరుగు మీద కూర్చున్నట్టు అనిపించింది. స్కాట్లండ్ వాడు ర మీద బండి నడుపుతాడు. అమెరికా వాడికి వాటర్ కాస్తా 'వాడర్' అవుతుంది. ఆస్ట్రేలియా వాడు డే అనబోయి 'డై' అంటాడు. ఐర్లండ్ వాడు త్రీ అనడానికి 'ట్రీ' అంటే, చేస్తున్నావు అనడానికి 'సేత్తన్నావు' అంటూ పెరిగిన నాకు వాడు మా కాశీబుగ్గ వాడే అనిపించేవాడు. ఇక లండన్ వీధుల్లో పెరిగినవాడికి హ పలకదు, హౌస్ అంటే 'ఔస్' అంటాడు. ఎవడు నిజం, ఎవడు వేషం అని రోజంతా దొంగల్ని పట్టినట్టు పట్టేవాణ్ణి.

మా జట్టుకి పెద్దగా ఒకావిడ ఉండేది. తనదీ వైజాగే అని చెప్పేది. నాకు ఆవిడ మీద మొదటిరోజు నుంచీ అనుమానమే. ఆవిడ ఇంగ్లీషు ఇస్త్రీ చేసినట్టుండేది, తెలుగు అంతకన్నా జాగ్రత్తగా ఉండేది, సొంత భాషలో మనిషి అంత జాగ్రత్తగా మాట్లాడడం నాకు కొత్త కాదు కనుకనే అనుమానం. యాజమాన్యం మామీద పెట్టిన గూఢచారేమో అని కూడా కొన్నాళ్ళు అనుకున్నాను. మధ్యాహ్నం నేను ఒక్కణ్ణే తింటుంటే ఆవిడ కూడా ఒక్కతే దూరంగా కూర్చుని నావైపే చూస్తుండేది.

అలాంటి రోజుల్లో వచ్చాడు ఈ ప్రభువు. కోట, వంశం, గుర్రాలు, అన్నీ ఉన్న మహానుభావుడు, మాట కూడా అలాగే ఉంది గానీ, ఒకచోట ఆనర్ అనాల్సింది 'హానర్' అన్నాడు. ఆ మాటలో హ రాస్తారే గానీ పలకరు. మా వాళ్ళందరూ ఇది నటుడి పొరపాటని, మళ్ళీ చెప్పించమని రాయబోయారు. నాకు మాత్రం అది పొరపాటులా వినపడలేదు. అది హ రానివాడి హ. చిన్నప్పుడు ఔస్, ఔస్ అంటూ పెరిగి, నలుగురూ నవ్వితే దిద్దుకుని, ఎక్కడ హ వదిలేస్తానో అన్న భయంతో అక్కర్లేని చోట కూడా పెట్టుకున్నవాడి హ. వీడు ప్రభువు కాడు, వేషగాడు, కథలో ఏదో ఉందని నేను నోరు తెరిచేలోపే ఆవిడ కుర్చీలోంచి లేచింది.

"దాన్ని ముట్టుకోకండి. అతను తప్పు పలకలేదు, పారిపోతున్నాడు."

అంతే అంది. తర్వాత వచ్చిన రికార్డింగుల్లో నిజంగానే వాడు అసలు వారసుడి గుర్రాలు తోమినవాడని తేలింది, అందరూ ఆవిడ్ని మెచ్చుకున్నారు. నేను మెచ్చుకోలేదు. ఆ సంగతి నాకెలా తెలిసిందో నాకు తెలుసు, ఆవిడకెలా తెలిసిందన్నదే నా ప్రశ్న. ఇక ఆవిడ నోటి దగ్గర కాపలా కాశాను. జవాబు క్యాంటీన్లో దొరికింది. మర్చిపోయి వెళ్తున్న తన కూరగాయల సంచిని అందించమని టీ ఇచ్చే మనిషిని అడుగుతూ ఆవిడ 'చంచి' అంది. సంచిని మనవాళ్ళు సంసి అంటారు. రెండో స ని దిద్దుకోబోయి మొదటి స ని కూడా దిద్దేసుకున్న మనిషి తప్ప భూమ్మీద ఇంకెవరూ చంచి అనరు. నవ్వు రాలేదు, చెప్పొద్దూ, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ వేసవిలో ఊరికి బయల్దేరితే రైల్లో అదే పెట్టెలో ఆవిడ ఉంది. పొద్దున్నే వైజాగ్ వచ్చింది. ఇద్దరం వైజాగ్ వాళ్ళం, దిగాలి. ఆవిడ దిగుతుందని నేను చూశాను, నేను దిగుతానని ఆవిడ చూసింది. అక్కడ ఇంజను ఇటునుంచి అటు మార్చడానికి బండి చాలాసేపు ఆగుతుంది గనక ఆ చూపులకి అంతులేకుండా పోయింది. చివరికి నేను సంచి భుజాన వేసుకుని, వస్తానండీ అని దర్జాగా దిగి, టీ కొట్టు చాటున నిలబడి, బండి కదిలే ముందు వెనక పెట్టెలోకి ఎక్కేశాను. ఎక్కి చూద్దును కదా, నేను టీ కొట్టు చాటున ఉండగానే దిగి ఈ పెట్టెలోకి మారినట్టుంది, కిటికీ పక్కన ఆవిడ కూర్చుని ఉంది. శ్రీకాకుళం రోడ్డు స్టేషనూ దాటిపోయింది. నౌపడ దగ్గర ఉప్పుగుట్టలు కనిపించాక ఆవిడే అడిగింది.

"ఏటి, మీదీ ఇటేనా?"

ఆ ఒక్క 'ఏటి'తో ఇద్దరి వేషాలూ దిగిపోయాయి. నాది పలాస అన్నాను. తనది ఇంకా కిందకి అంది, సముద్రం వైపు చెయ్యి చూపించింది గానీ ఊరు పేరు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కొన్ని నెలల తర్వాత, నేను పెళ్ళి మాట ఎత్తినప్పుడు తెలిసింది. వాళ్ళ అక్కకి అన్నీ కుదిరిన సంబంధం ఉద్దానంలో వాళ్ళ ఊరు పేరు వినగానే తప్పిపోయిందట. వాళ్ళ నాన్నకి అప్పటికే ఆ జబ్బు ఉంది. ఆవిడ దాచింది యాస కాదు, ఆ నీళ్ళు. నాకు మా అమ్మ మాట గుర్తొచ్చింది. అమ్మ కాదంటే ఎదిరించే ధైర్యం నాకుందో లేదో నాకే అనుమానం. అమ్మ దగ్గర కూడా వైజాగే అనేద్దామన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు, ఒక్కసారి నన్ను తీసుకెళ్ళు, అడిగితే చెప్తాను, కాదంటే వచ్చిన దారినే పోతాను అంది.

తీసుకెళ్ళాను. మా అమ్మ అరుగు మీదే ఉంది. బాగున్నారా అని ఆవిడ పలకరిస్తే తలెత్తకుండా ఊ అంది. మంచినీళ్ళు ఇచ్చింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆగి, మీదే ఊరమ్మా అని అడిగింది. నేను గోడకి ఆనుకుని నిలబడిపోయాను. ఆవిడ ఊరు చెప్పింది, వీధి చెప్పింది, నాన్న జబ్బు చెప్పింది, తన రక్తపరీక్ష ఇప్పటికి బాగానే ఉందనీ రేపటి సంగతి తెలియదనీ చెప్పింది. మా అమ్మ చేతిలో జీడిపిక్క అలాగే ఉండిపోయింది.

"గుమ్మం కాడ పలకరించినపుడే తెలిసిపోనాది," అంది చివరికి. "అబద్దమాడితే పంపించీద్దునని కూకున్నాను. ఆ నీల్లే నానూ తాగినాను గదే, నన్ను సేసుకున్నోలు లేరేటి?"

అని లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతిలో భోజనానికి ఆకులున్నాయి. మావయ్య పోయిన తర్వాత మొదటిసారి ఆ యేడే అమ్మ తన పుట్టింటి వైపు బస్సు ఎక్కింది, మా పెళ్ళి మాటలకి.

అమ్మ ఇప్పుడు లేదు. మా మావగారూ ఆ జబ్బుతోనే వెళ్ళిపోయారు. ఆ కంపెనీ మూతపడ్డాక మేమిద్దరం పలాస వచ్చేశాం. నేను జీడిపప్పు వ్యాపారంలోను, ఆవిడ ఇంగ్లీషు పాఠాల్లోను పడ్డాం. టెక్కలి వెళ్ళి పరీక్షలు చేయించుకుంటూనే ఉంటాం, దేవుడి దయవల్ల ఏమీ లేదు, అయినా పొద్దున్నే ఆవిడ మొదటి మాట వినేదాకా నాకు నమ్మకం కుదరదు, గొంతులో ఏమాత్రం నీరసం ఉన్నా కాళ్ళు వాచాయేమోనని చూస్తాను. అనుమానప్పక్షివని తిడుతుంది. తిట్టు గట్టిగా ఉంటే ఆ రోజుకి బెంగ తీరుతుంది.

మొన్నటి సంగతికొస్తే, ఆ ప్రభువుని ఎవరో దిద్దేశారు. కొత్త గొంతులు పెట్టినవాళ్ళు హానర్ అన్నది తప్పనుకున్నారో ఏమో, ఆ హ తీసేశారు. ఇప్పుడు వాణ్ణి ఎవరూ పట్టుకోలేరు. ఈ మాటే మా అమ్మాయికి చెప్పబోయాను, అది ఒక చెవిలో ఫోన్ తాలూకు ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఆటలో కలిసిన ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతోంది. గుమ్మంలో నిలబడి చాలాసేపు విన్నాను. అది అమెరికా కాదు, లండన్ కాదు, హైదరాబాదు కాదు, మాది అసలే కాదు. ఎన్నో గొంతులకి ఊరు చెప్పిన చెవి, కన్నబిడ్డ గొంతు దగ్గర ఏమీ తోచక నిలబడిపోయింది. అవతలివాళ్ళు ఏ ఊరని అడిగినట్టున్నారు. అది తడుముకోకుండా, చిన్న పొరపాటైనా లేకుండా 'వైజాగ్' అంది.

ఆ మాట దానికి మేం నేర్పలేదు. ఇంటి దగ్గర ఏనాడూ యాసకి నవ్వలేదు, దిద్దలేదు. మరెక్కడ, ఎవరు నవ్వితే నేర్చుకుందో అడగాలనుకుని కూడా అడగలేకపోయాను. వెనక్కి తిరిగితే మా ఆవిడ ఇంకా అక్కడే ఉంది, తడిచేతులు ఎప్పుడో ఆరిపోయాయి.

"మనం తప్పు పలికీసి ఒకలికొకలం దొరికిపోనాం," అంది మెల్లగా. "ఇదెవులికి దొరుకుతాది?"

గదిలో ఆ ప్రభువు మళ్ళీ ఆనర్ అన్నాడు, మా అమ్మాయి ఆయన్ని నమ్మి కోటలోకి వెళ్ళిపోయింది.