కోడలు వేసిన స్విచ్చు

మిర్యాలగూడలో ఆ రైస్ మిల్లు సంగతి ఎత్తితే ఇప్పటికీ ఒకటే చెబుతారు: కోదాడ నుంచి వచ్చిన కోడలు మెయిన్ స్విచ్చు వేసింది, బాగైన మిషన్ మళ్లీ ఆగింది. పచ్చి అబద్ధం. ఆపింది నేను. డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదివి, సూర్యాపేటలో బోర్డులు బాగుచేసే దుకాణం నడుపుతున్న నేను.

అది బియ్యంలోంచి నల్ల గింజల్ని ఏరే మిషన్. లోపల లినక్స్‌తో నడిచే చిన్న బోర్డు. పాత మెమరీ కార్డు పాడైతే కొత్తది వేశాను. కొత్త కార్డులో లినక్స్ ఉన్న చోటు వేరు; బోర్డు మాత్రం ఇంకా పాత చోటే వెతుకుతూ నిలిచిపోతోంది. ల్యాప్‌టాప్‌కి వైరు కలిపి, లినక్స్‌ని వెతికి లేపే బూట్‌లోడర్‌ని మధ్యలో ఆపి, ఎక్కడ వెతకాలో చెప్పే సెట్టింగు మార్చాను. మిషన్ లేచింది. మీసముంటే మెలేసేదాన్ని. మార్చాక సేవ్ చేసే కమాండ్ ఒకటి ఇవ్వాలి, లేకపోతే కరెంటు తీయగానే మార్పూ పోతుంది. అది ఇవ్వలేదు.

ఆ మిల్లులో బాగైన మిషన్‌ని ఊరికే నడపరు. మెయిన్ తీసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఇంటి కోడలి చేత మళ్లీ వేయిస్తారు. ఓనరు భార్య వేసింది. మిషన్ తెర నల్లగానే ఉంది.

"గీ కోదాడ చెయ్యి పడ్డదంటే ఇగ ఖతమే," అంది అత్త.

"నేనేం చేశానత్తయ్యా, స్విచ్చేగా వేసింది," అంది కోడలు.

వైరు మళ్లీ తగిలించగానే నాకు అర్థమైంది. "అమ్మా, తప్పు నాది. సేవ్ చెయ్యలే. ఎవరు ఏసినా గిట్లనే అయితుండె," అన్నాను.

"నీది మంచి మనసు బిడ్డా. ఆమె మీదికి మాట రానియ్యవు," అంది అత్త.

"మంచి మనసు కాదమ్మా, మతిమరుపు!"

గట్టిగా వాదించేకొద్దీ ఇంకా మంచిదాన్నయిపోయాను. సిగ్గుతో చెవులు కాలుతుంటే మళ్లీ మార్చి, ఈసారి సేవ్ చేసి, తలెత్తకుండానే "మెయిన్ తీసి ఏయుండ్రి" అని అరిచాను. ఎవరు వేయాలో అనలేదు. అత్త కొడుకును ముందుకు నెట్టింది. ఆయన వేశాడు. మిషన్ లేచింది.

"సూసినవా బిడ్డా?"

ఇంకోసారి తీసి కోడలి చేత వేయించండి అనాలి. ఊరందరితో తగువుపడే నోరు అప్పుడే పడిపోయింది. వైర్లు చుట్టుకుని బస్సెక్కాను.

దసరా పూజకు ఆ మిల్లుకు వెళ్తే, ఓనరే మెయిన్ వేశాడు. కోడలు పళ్లెం పట్టుకుని గుమ్మం అవతలే నిలబడింది. తర్వాత నాకు చాయ్ ఇచ్చి, "బాగున్నారా అక్కా" అని మాత్రం అంది. అడుగుదామంటే అత్త పక్కనే. మిషన్ ఆగింది తన చేతివల్లేనని ఆమె కూడా అనుకుంటోందా?