చింతపండుతో తోమిన జర్మనీ

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో రాగి, నికెల్ ఫిరంగుల పాలైతే, చిల్లర కరువై జర్మనీలో ఊరూరా సొంతంగా ఇనుప నాణేలు, జింకు నాణేలు కొట్టించుకున్నారు. అలాంటివి ముప్పై ఒకటి పోగేసి, ఇక్కడ బర్మాలో, పజుండౌంగ్ పేటలోని మా మేడగదిలో బిస్కెట్ల డబ్బాలో దాచాను. ఆ ఊళ్ల పేర్లకు నా నోరు తిరగదు. గర్వానికి మాత్రం తక్కువ లేదు.

ఇక్కడా చిల్లర కరువే. కింది టీకొట్టాయన మొదట్లో చిల్లరకు బదులు చాక్లెట్లిచ్చాడు. తర్వాత కొట్టు ముద్ర గుద్దిన అట్టముక్కలిచ్చాడు, ముక్కకో టీ. నావి ఎక్కడంటే అక్కడ పారేసేవాణ్ణి. అమ్మ రొంటిన దోపుకునేది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా!

ఒకరోజు ఇన్సేన్ నుంచి ఒక పెద్దాయన నా నాణేలు చూడటానికి వస్తానన్నాడు. మా నాణేల పిచ్చివాళ్లకు ఆయన మాటే వేదం. నచ్చితే తన ప్రదర్శనలో నాకో బల్ల ఇస్తాడు. ఆ బల్ల కోసం ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నాను.

స్టేషన్ నుంచి ఆయన్ను వెంటబెట్టుకొచ్చి డబ్బా తెరిచాను. నాణేలన్నీ కొత్త గిన్నెల్లా తళతళలాడుతున్నాయి.

"ఏటమ్మా ఇది?"

"పెద్దమనిసొస్తన్నాడన్నావు గదా! సిలుమెక్కిపోనాయని దీపపు కుందుల్తో పాటు సింతపండెట్టి తోమీసినాను. ఎలా మెరుస్తన్నాయో సూడు!"

పాత నాణేన్ని తోమకూడదన్నది మాలో మొదటి నియమం. ఆ సంగతి అమ్మకు నేనెప్పుడూ చెప్పలేదు. ఏడుపొచ్చినంత పనైంది. పెద్దాయన రెండు నాణేలు తిప్పి చూసి, మర్యాదగా డబ్బా మూశాడు.

టీ తెప్పిద్దామని అమ్మ రొంటిలోంచి మూడు అట్టముక్కలు తీసింది. ఆయన కళ్లద్దాలు సవరించుకున్నాడు. కొట్టాయన అవి ఇవ్వడం మానేసి ఆరు నెలలైంది. ఇక మిగిలినవి ఈ మూడేనని నేను చెప్పగానే, "వీటినిస్తే ఆ బల్ల మీకే" అని బర్మీస్‌లో నాతో అన్నాడు.

నా ప్రాణం లేచొచ్చింది. అమ్మను బతిమాలాను.

"ఇంటికొచ్చినోడికి టీ అయినా ఇవ్వకండా అట్టముక్కలిచ్చి పంపీమంటావేటి? సిగ్గునేదూ?"

నేను అడ్డుపడేలోపే వాటిని సరుకులు తెప్పించుకోడానికి వరండాలోంచి కిందికి వేలాడదీసిన తాడుకున్న క్లిప్పుకు తగిలించి కిందికి దించేసింది. కొట్టాయన మూడింటినీ చింపి పొయ్యిలో వేయడం నేనూ పెద్దాయనా పైనుంచి చూశాం. కాసేపటికి అదే తాడుకు తగిలించిన సంచిలో మూడు టీలు పైకొచ్చాయి.

టీ చాలా బాగుందని పెద్దాయన అమ్మతో రెండుసార్లు అన్నాడు.