గోడ మీద ఆగిపోయిన ప్రశ్న

పదవీ విరమణకు ఏడేళ్ల ముందు, ఒక ఏప్రిల్ నెల మొదటి సోమవారం నాడు, తణుకు దగ్గర ఒక రైస్ మిల్లుల సంస్థ పని మీద నన్ను పంపించారు. అప్పుడు నేను హైదరాబాదులో ఒక పెద్ద కన్సల్టింగ్ సంస్థలో ఎంగేజ్‌మెంట్ మేనేజరుని. మా దగ్గర హోదాలు నాలుగు: అనలిస్టు, కన్సల్టెంటు, ఎంగేజ్‌మెంట్ మేనేజరు, పార్ట్‌నరు. క్లయింటును తెచ్చేది పార్ట్‌నరు, లెక్కలు కట్టేది అనలిస్టు. మేనేజరు అనేవాడు పైవాళ్ల తొందరను కిందికి దింపుతూ, కిందివాళ్ల అలసట పైకి కనపడకుండా చూసుకునే మనిషి. ఆ పని నేను బాగానే చేసేవాణ్ని.

కన్సల్టింగ్ అంటే ఏం చేస్తారని మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతుంటారు. ఇంకొకరి వ్యాపారంలోకి వెళ్లి, ఎనిమిది వారాలు కూర్చుని, ఏది మానెయ్యాలో ఏది మొదలుపెట్టాలో చెప్పి రావడం. ఎనిమిది వారాల్లో వ్యాపారం అర్థమవుతుందా అని వెంటనే రెండో ప్రశ్న వేస్తారు. అందుకు మా సంస్థలో ఒక పద్ధతి ఉండేది. మొదటి రోజే జవాబు రాసేవాళ్లం. చివరి సమావేశంలో చూపించబోయే స్లైడ్లన్నీ తొలి సోమవారం సాయంత్రానికే తయారయ్యేవి. పైన శీర్షిక మాత్రం ఉండేది, కింద ఖాళీ. మిగిలిన వారాలన్నీ ఆ ఖాళీలు నింపడమే. జవాబు తప్పని తేలితే శీర్షిక మార్చుకోవచ్చు. రాజ్యాంగం లాగే అది సవరణకు వీలున్నదే గానీ, సవరించడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు.

ఆ సంస్థ నాకు జీతం బాగా ఇచ్చింది, తలనొప్పులూ బాగానే ఇచ్చింది. వాటి మీద నాకిప్పుడు ఫిర్యాదు లేదు. దాని ఆచారాల మీద మాత్రం ఇంకా ఆసక్తి పోలేదు.

తణుకు పనికి నాతో వచ్చిన అనలిస్టు పేరు ప్రసన్న. రాజమండ్రి అమ్మాయి. తండ్రి లూథరన్ మిషన్ స్కూల్లో గుమాస్తా. మా సంస్థలో ఎంత పెద్దవాళ్లనైనా పేరు పెట్టి పిలవాలనేది నియమం. సార్ అనకూడదు, గారు అనకూడదు. ప్రసన్న నోటికి అది ఎక్కలేదు. నన్ను ‘మూర్తీ’ అనలేక, ‘మూర్తి గారూ’ అనకూడక, అసలు పేరే పలకకుండా బండి నడిపేది. ఇంగ్లీషు వాక్యానికి మన తోక తగిలించి, ‘ఐ విల్ చెక్ అండి’ అనేది. ముంబై నుంచి వచ్చే మా పార్ట్‌నరుకు ఆ ‘అండి’ ఏమిటో అర్థం కాక, కొన్నాళ్లు అదేదో సాఫ్ట్‌వేర్ అనుకున్నాడు.

ఆ అమ్మాయికి ఆ పని చాలా ముఖ్యం. మా దగ్గర ప్రతి పని ముగిశాక మేనేజరు ఒక ఫారం నింపుతాడు. ఆశించిన దానికంటే ఎక్కువ, సరిసమానం, తక్కువ అని మూడు గళ్లు. వరసగా రెండుసార్లు ‘తక్కువ’ పడితే కమిటీ పిలిచి, ఇంకెక్కడైనా బాగా రాణిస్తారని మర్యాదగా చెబుతుంది. దాన్ని కౌన్సెలింగ్ అనేవాళ్లం. అంతకుముందు చెన్నై పనిలో ప్రసన్నకు ఒకసారి ‘తక్కువ’ పడింది. ఇంట్లో తమ్ముడి ఇంజనీరింగ్ చదువు ఆమె జీతం మీదే నడుస్తోందని నాకు తెలుసు. తెలుసుకోవడం మేనేజరు పనిలో భాగమే.

మిల్లు పక్కన నాలుగెకరాల సిమెంటు కళ్లం ఉంది. తడి ధాన్యం వస్తే అక్కడ పరిచి ఆరబెడతారు. నలభై మంది దాని మీద బతుకుతున్నారు. వాళ్ల మేస్త్రీ ఏసుపాదం, అరవై దాటిన మనిషి. మేం వెళ్లినప్పుడు కళ్లం మీద రెండు కుక్కలు, ఒక మూల మడతపెట్టిన బరకాలు తప్ప ఏమీ లేవు. మొదటి సోమవారం సాయంత్రం నేను రాసిన శీర్షికల్లో ఏడోది ఇది: ‘కళ్లం వాడకం తక్కువ, హైవే పక్కన గోడౌను కట్టడానికి అనువైన స్థలం.’ పార్ట్‌నరుకు ఏడో స్లైడు మహా నచ్చింది. మిల్లు చైర్మన్ గారి కొడుకులకు గోడౌను ఆలోచన అప్పటికే ఉందని అతనికి తెలుసు.

ప్రసన్న మూడు వారాలు కళ్లం దగ్గర నిలబడి గంట గంటకీ ఎంత ధాన్యం పరుస్తున్నారో రాసుకుంది. చాలా గంటల ఎదురుగా సున్నాలే. ఏసుపాదం వచ్చి ఆ కాగితం తొంగిచూశాడట. “ఇప్పుడు సూత్తే ఏం తెలుత్తాదమ్మా? ఇది దాళ్వా. వడ్లు గలగల్లాడతా వత్తాయి. సార్వాలో రా. కాలు పెట్టడానికి సోటుండదు” అన్నాడట.

డెల్టా బయటివాళ్ల కోసం చెబుతున్నాను. మాకు ఏటా రెండు పంటలు. దాళ్వా ఎండల్లో కోతకొస్తుంది, ధాన్యం పొడిగా ఉంటుంది. సార్వా కోతలు తుఫానుల కాలంలో. అప్పుడు లారీల నిండా తడి ధాన్యం వస్తుంది, డ్రయ్యరు మింగలేనిదంతా ఎండ కాసిన రోజున కళ్లం మీదికి చేరుతుంది. ఇది తెలుసుకోవడానికి కన్సల్టెంటు కానక్కర్లేదు. నేను పుట్టింది రాజమండ్రిలోనే. నవంబరులో రోడ్డుకు ఒక పక్కంతా ధాన్యం ఆరబోస్తే మిగిలిన పక్కన సైకిలు తొక్కుకుంటూ కాలేజీకి వెళ్లినవాణ్ని. అయినా ఏడో శీర్షిక రాసేటప్పుడు నాకు అది గుర్తు రాలేదు. గుర్తు రాలేదా, రానివ్వలేదా అన్నది నేను చాలాసార్లు ఆలోచించుకున్నాను. ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

మూడో శుక్రవారం, పార్ట్‌నరుతో సమీక్ష మొదలవడానికి పావుగంట ముందు, ప్రసన్న ఆ సంగతి నా దగ్గర ఎత్తింది. ఇక్కడే మా సంస్థ ఆచారం ఇంకొకటి చెప్పాలి. పని గదిలో గోడకు ఒక పెద్ద చార్టు కాగితం అతికించి, పైన ‘పార్కింగ్’ అని రాసేవాళ్లం. సమావేశానికి అడ్డం వచ్చే ప్రశ్న ఎవరైనా వేస్తే, దాన్ని కొట్టిపారెయ్యకుండా గౌరవంగా ఆ కాగితం మీద ఎక్కించి, తర్వాత తీరిగ్గా చూడాలి. ఉద్దేశం మంచిదే. ఇరవై రెండేళ్లలో ఆ కాగితం మీదికి వెళ్లిన ప్రశ్నలు వందలు చూశాను. తిరిగి బల్ల మీదికి వచ్చినవి నా వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ప్రసన్న చేతే రాయించాను. ‘ఏప్రిల్‌లో ఖాళీగా ఉన్న కళ్లం నవంబరులోనూ ఖాళీగానే ఉంటుందా?’ దాని కింద నేను ‘తర్వాత చూద్దాం’ అని రాసి, తారీఖు వేసి, సంతకం పెట్టాను. దానికి జవాబు కావాలంటే ఏసుపాదం చేతిరాత రిజిస్టర్లు, రెండేళ్ల సార్వావి, మూడు రోజులు కూర్చుని చూడాలి. మూడు రోజులు మా షెడ్యూలులో లేవు.

ఆ కాగితం ఐదు వారాలు మా ఎదురుగానే ఉంది. దాని కిందే టీ ఫ్లాస్కు పెట్టేవాళ్లు. రోజుకు నాలుగుసార్లు అందరం అక్కడికే వెళ్లేవాళ్లం. పార్ట్‌నరు అయితే దాన్ని చూసి, ఎంత స్వేచ్ఛగా ప్రశ్నలు అడిగే బృందమో అని నన్ను మెచ్చుకున్నాడు. ప్రశ్న ఏమిటో చదవలేదు. గోడ ఎక్కాక ప్రశ్న మా దృష్టిలో పరిష్కారమైనట్టే. ఆరో వారంలో ప్రసన్న మళ్లీ ఒకసారి, “ఆ నవంబరు సంగతండి...” అని మొదలుపెట్టింది. “అది పార్కింగులో ఉంది కదమ్మా” అన్నాను. “ఆయ్” అని వెళ్లిపోయింది. భోజనం టైములో ఏసుపాదం దగ్గర కూర్చుని రిజిస్టర్లు తిరగేస్తోందని చూశాను, వద్దనలేదు. అడగనూ లేదు.

ఎనిమిదో వారం చివరి సమావేశం మిల్లు ఆఫీసులోనే జరిగింది. చైర్మన్ సుబ్బరాజు గారికి డెబ్భై పైబడిన వయసు. ముతక ఖద్దరు చొక్కా, చేతిలో తేమ మీటరు. మా స్లైడ్లు ఒక్కొక్కటీ చూస్తూ, “బావుందండి, బావుందండి” అంటూ వచ్చారు. ఏడో స్లైడు దగ్గర మాత్రం తెర వైపు ఒకసారి చూసి, కుర్చీ ప్రసన్న వైపు తిప్పారు.

“మీది రాజమండ్రి అన్నారు కదమ్మా. కళ్లం దగ్గర మూడు వారాలు నించున్నావు. నువ్వేమంటావు?”

మా సంస్థలో దీనికి నియమం స్పష్టంగా ఉంది. అభ్యంతరం చెప్పడం హక్కు కాదు, బాధ్యత. ఎంత చిన్న ఉద్యోగి అయినా చెప్పి తీరాలి. కానీ గది లోపల చెప్పాలి, క్లయింటు ముందు కాదు. ప్రసన్న నా వైపు చూసింది. నేను తెర వైపు చూశాను.

“ఇది సార్వాలో నిలవదండి” అంది. “మేం చూసింది దాళ్వా ఒక్కటేనండి. పోయిన రెండు సార్వాల్లో కళ్లం ఖాళీగా ఉన్న వారం ఒక్కటీ లేదు. రిజిస్టర్లో ఉంది.”

సుబ్బరాజు గారు తేమ మీటరు బల్ల మీద పెట్టారు. “నలభయ్యేళ్లుగా ధాన్యం కొంటన్నాను. నాకు తెలీక అడగలేదమ్మా. మీలో ఒక్కరన్నా చెప్తారా లేదా అని చూస్తన్నాను” అన్నారు. కొడుకులిద్దరూ ఫోన్లు చూసుకున్నారు. ఏడో స్లైడు అక్కడితో పోయింది. కళ్లం నిలిచింది.

పార్ట్‌నరుతో కలిసి రాజమండ్రి విమానాశ్రయానికి బయలుదేరాను. రావులపాలెం దగ్గర అరటి గెలల లారీలు అడ్డం పడి కారు ఆగిపోయింది. అప్పుడు పార్ట్‌నరు ఆ సంగతి ఎత్తాడు. ఆ అమ్మాయి ఈ మాట ముందే మన దగ్గర చెప్పి ఉంటే ఆమె అంత మంచి అనలిస్టు లేదని, క్లయింటు ముందే మొదటిసారి చెప్పి ఉంటే ఉంచడం కుదరదని అన్నాడు. ముందే చెప్పిందా అని సూటిగా అడిగాడు.

చెప్పింది అనడానికి ఒక్క మాట చాలు. ఆ ఏడాది పార్ట్‌నరు హోదాకు నా పేరు పరిశీలనలో ఉంది. నాకు భయం వేసింది. పైకి వేరే పేరు పెట్టుకున్నాను గానీ అది భయమే.

“చెప్పింది, కానీ గట్టిగా చెప్పలేదు” అన్నాను.

అరటి లారీలు కదిలాయి. మేమూ కదిలాం. తర్వాతి వారం ఫారంలో అదే మాటను కాస్త ఇస్త్రీ చేసి రాశాను: ‘అభ్యంతరాన్ని సకాలంలో, తగినంత బలంగా ముందుకు తీసుకురాలేకపోయారు.’ మూడో గడిలో టిక్కు పెట్టాను. నెల తిరక్కుండా కమిటీ ఆమెను పిలిచింది. ఆమె వెళ్లిపోయింది. ఆ ఏడాది చివర నేను పార్ట్‌నరునయ్యాను.

ఇంకో వింత కూడా రాయాలి. రెండేళ్ల తర్వాత కొత్తగా చేరినవాళ్ల శిక్షణలో ఈ కథను ఉదాహరణగా పెట్టారు. పేర్లు తీసేసి, ఒక చిన్న అనలిస్టు ధైర్యంగా నిజం చెప్పి క్లయింటును నష్టం నుంచి తప్పించిందని చెప్పేవాళ్లు. కథ సమావేశం దగ్గరే ఆగేది. రెండుసార్లు ఆ పాఠం నేనే చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

రిటైరై రాజమండ్రి వచ్చేశాక, ప్రసన్న ఫోన్ నంబరు సంపాదించి మాట్లాడాను. కాకినాడలో ఒక ఆహార పరిశ్రమలో క్వాలిటీ విభాగం చూస్తోంది. తమ్ముడి చదువు ఒక ఏడాది ఆగి, మళ్లీ సాగిందట. పేరు చెప్పగానే, “మూర్తి గారూ, బావున్నారాండి?” అంది. నియమం లేదు కాబట్టి ఇప్పుడు గారు సులువుగా వచ్చింది. నేను కారులో ఏం చెప్పానో, ఫారంలో ఏం రాశానో ఉన్నదున్నట్టు చెప్పాను. చేసింది తప్పని, క్షమించమని అడిగాను.

“ఫారం చూశానండి. వాళ్లు నాకూ ఒక కాపీ ఇస్తారు కదా” అంది. “గది ఖాళీ చేసేటప్పుడు ఆ చార్టు నేనే పీకానండి. పీకేముందు ఫోటో తీసుకున్నాను. నా ప్రశ్న, మీ సంతకం, తారీఖు, అన్నీ పడ్డాయి.”

మరి కమిటీకి ఎందుకు చూపించలేదని అడిగాను. నాకు నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

“చూపిద్దామనే ఫోన్లో తీసి పెట్టుకుని కూర్చున్నానండి. నలుగురున్నారు. ఇరవై నిమిషాలు మాట్లాడారు. గట్టిగా మాట్లాడ్డం ఎలా నేర్చుకోవాలో చెప్పారు. నేను ఎప్పుడు అడిగానో, ఎవర్ని అడిగానో మాత్రం ఎవరూ అడగలేదండి. అడక్కుండా చూపిస్తే మీ మీద చాడీ చెప్పినట్టుంటదని ఊరుకున్నాను.”

మా సంస్థ ప్రశ్నలు అడిగే బతికింది. గంటకు ఇంతని తీసుకుని ప్రశ్నలు అడిగింది. ఆ నలుగురిలో ఎవరూ మూర్ఖులు కారు, దుర్మార్గులూ కారు. వాళ్ల ముందున్న ఫారంలో ఆ ప్రశ్నకు గడి లేదు, అంతే.

ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది ఉద్యోగంలో ఉండగా అమలు చేయలేదు కాబట్టి, ఇప్పుడు మేనేజర్లుగా ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. ప్రశ్నను ఆపిన మనిషి చేతికి, ఆ ప్రశ్న అడిగిన మనిషి ఫారం ఇవ్వకూడదు. నాకు ఇచ్చారు. నేను నింపాను.