అందించని మాట

మా రైల్వే ఉద్యోగుల క్లబ్బు, అదే ఇన్‌స్టిట్యూట్, వార్షిక సంచికకు నన్ను రెండు పేజీలు రాసిమ్మన్నారు. మా రాయపూర్ గూడ్స్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి, మద్రాసు వెళ్లి, అరవ సినిమాల్లో పేరు తెచ్చుకున్న నటుడికి నేను నటన ఎలా నేర్పానో రాయాలట. ఇక్కడి తెలుగువాళ్లలో ఆ కథ తెలియనివాళ్లు లేరు. దాన్ని పుట్టించినవాణ్ణి నేనే. అందువల్ల దిద్దవలసినవాణ్ణి కూడా నేనే.

అతను అరవవాడే కాని పుట్టింది రాయపూర్‌లో. తండ్రి గార్డు. చదివింది హిందీ బడిలో. ఇంట్లో అరవం, మా వీధిలో తెలుగు మాట్లాడేవాడు. రెండింటిలో ఏదీ చదవడం రాదు. ఆఫీసులో మా బల్లలు పక్కపక్కన. నాకంటే అయిదారేళ్లు చిన్న, నన్ను అన్నా అనేవాడు.

ఏటా దసరాకి మేము ఒక పౌరాణిక నాటకం ఆడేవాళ్లం. రాత్రి డ్యూటీవాళ్లు కూడా చూడాలని ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టేవాళ్లం. ఆరేళ్లపాటు రాజు వేషం నాది. చివరి అంకంలో రాజు సొంత కొడుకుకి దేశబహిష్కారం విధించాలి. మంత్రి ఆజ్ఞాపత్రం పట్టుకుని నిలబడతాడు. అప్పుడు నేను ఒక అడుగు ముందుకు వేసి, "ధర్మానికి కొడుకులు లేరు మంత్రీ" అని గొంతెత్తి సాగదీసేవాణ్ణి. హాలు చప్పట్లతో మోగిపోయేది. ఆ ఒక్క మాట మీద ఏడాదంతా బతికేవాణ్ణి.

మా ఆవిడ పెదనాన్నగారు మద్రాసులో ఒక సినిమా కంపెనీకి మేనేజరు. ఆ ఏడు ఆయన పంపిణీదార్లతో పని ఉండి నాగపూర్ వెళ్తున్నారని తెలిసి, కాస్త చుట్టయినా మా ఊరి మీదుగా వెళ్లి నాటకం చూడమని మూడు ఉత్తరాలు రాశాను. వస్తానన్నారు. ఇక నా జాతకం మారినట్టేననుకున్నాను.

సరిగ్గా అప్పుడే, బియ్యం మిల్లులున్న పక్క స్టేషను తిల్దాలో బదిలీ డ్యూటీ పడింది. వంతు అతనిది. తల్లికి జ్వరమంటే అతని బదులు నేను వెళ్లాను. మూడు వారాలు ఆ మిల్లుల తవుడు దుమ్ములో బియ్యం బస్తాలు లెక్కపెట్టి తిరిగొచ్చేసరికి నాకు గొంతు లేదు. గుసగుస తప్ప మాట పెగలదు. ఇన్‌స్టిట్యూట్ కార్యదర్శి నా వేషం అతనికిచ్చాడు. నాటకమంతా నాకు కంఠస్థం కనుక నన్ను తెర పక్కన కూచుని మాటలు అందించమన్నాడు.

అతను సంభాషణలన్నీ నాగరి అక్షరాల్లో రాసుకుని వల్లించాడు. పెద్ద సమాసం వస్తే తడబడేవాడు. నేను అర ఊపిరి ముందుగా ముక్కలు విరిచి అందిస్తే, వాటిని పట్టుకుని నడిచేవాడు. రానురాను చిన్న మాటకి కూడా నా వైపే చెవి పెట్టేవాడు. రిహార్సల్లో ఒకసారి నాతో, "నువ్వు పక్కనుంటే బస్, నాకు డర్ లేదన్నా" అన్నాడు. ఆ మాటకి నేను నవ్వాను. లోపల మాత్రం, నా వేషం, నా గొంతు, నేను రప్పించిన పెద్దమనిషి, అన్నీ వీడి పాలయ్యాయనే ఉడుకు.

నాటకం రోజున ముందు వరసలో పెదనాన్నగారు కూచున్నారు. మొదటి రెండు అంకాలు నేను సరిగానే అందించాను. జనం అతన్ని చూస్తున్న తీరు నాకు పక్కనుంచి కనబడుతూనే ఉంది. చివరి అంకంలో మంత్రి ఆజ్ఞాపత్రం చాచాడు. నా ఆ ఒక్క మాట అందించవలసిన చోటు వచ్చింది. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాను.

అతను నా వైపు తిరిగాడు. మూసిన పుస్తకాన్ని చూశాడు, నా మొహం చూశాడు. ఎంతసేపో చెప్పలేను. హార్మోనియం ఆగిపోయింది. నాకు లోపల సంతోషం పొంగింది. అది దాచి లాభం లేదు. తర్వాత అతను మెల్లగా కిరీటం తీసి సింహాసనం మీద పెట్టి, కింద మెట్టు మీద కూలబడి, కొడుకు వేషం వేసినవాడి వైపు చూస్తూ ఉండిపోయాడు. చప్పట్లు లేవు. ముందు వరసలో ఆడవాళ్లు కళ్లు ఒత్తుకుంటున్నారు. ఆరేళ్లు నేను అరిచి చెప్పిన మాట అక్కడ అక్కర్లేదని ఆ రోజు తెలిసింది. నన్ను కాల్చింది అదే.

తెర పడ్డాక హార్మోనియం వాయించే ఫిట్టరు నా మీదకొచ్చాడు.

"ఏటి గురూ, మాట ఎందుకందించలేదు? నిద్దరోయావేటి?"

నేను నోరు తెరిచేలోపే అతను అడ్డం వచ్చాడు. "అన్న గొంతు ఖరాబ్ కదా, అందించాడు. నాకే వినపడలేదు."

సాయంత్రం ఫలహారం చేస్తూ పెదనాన్నగారు అడిగారు. "అల్లుడూ, ఆ ఘట్టంలో మాట మానేసి కూచోమని అతనికి ఎవరు చెప్పారు?"

"నేనేనండి," అన్నాను.

ఆ మాటైనా నాకు దక్కాలనిపించింది. ఆయన భుజం తట్టి, నాగపూర్ నుంచి మళ్లీ మా ఊరి మీదుగానే వచ్చి అతన్ని మద్రాసు తీసుకెళ్లిపోయారు.

సినిమాలో ఎవరూ మాటలు అందించరనీ, అందిస్తే మైకు పట్టేస్తుందనీ విని, అతను నెలలో తిరిగొస్తాడనుకున్నాను. రాలేదు. అరవ సంభాషణలు కూడా ఎవరిచేతనో చదివించుకుని నాగరిలో రాసుకుంటున్నాడనీ, అక్కడివాళ్లు నవ్వుతున్నారనీ మొదట్లో ఉత్తరం రాశాడు. జవాబివ్వలేదు. మొదట జమీందారు దగ్గర గుమాస్తా వేషం, తర్వాత పోలీసు వేషం, ఆ తర్వాత పెద్దన్న వేషాలు, చివరికి తండ్రి వేషాలు. మాట ఆపి నిలబడిపోతే అతన్ని మించినవాడు లేడని మా పక్కింటి అరవవాళ్లు పత్రిక చదివి చెప్పేవారు. ఒకసారి పాసు మీద తిరుపతి వెళ్తూ, మద్రాసులో ఇంటివాళ్లను సత్రంలో ఉంచి ఒక్కణ్ణే అతని సినిమాకి వెళ్లాను. ఎక్కడైనా తప్పు చేస్తాడేమోనని మూడు గంటలూ కాచుకుని కూచున్నాను. ఒక్కటీ దొరకలేదు.

ఇక్కడ మాత్రం నా పరువు పెరిగింది. ఆ మౌనం నేనే నేర్పానని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను. ఇన్‌స్టిట్యూట్‌లో అతని ఫోటో కట్టించి, కింద గురువుగా నా పేరు రాసిన చెక్కముక్క స్క్రూలతో బిగించారు.

నిరుడు అతను తూర్పున ఎక్కడో షూటింగు ముగించుకుని మెయిల్‌లో మా ఊరి మీదుగా బొంబాయి వెళ్తున్నాడని తెలిసి దండ పట్టుకుని ప్లాట్‌ఫారం మీదకి వెళ్లాం. ఇంజను నీళ్లు పట్టేంతసేపే టైము. ఇప్పటి కార్యదర్శి ఒక డ్రైవరు. అందరి ముందూ అడిగేశాడు.

"బావూ, ఆ మాటాడకుండా ఉండే యాక్టింగు మా గురువుగారే నేర్పారంట. సచ్ హై?"

అతను నా వైపు తిరిగి చూశాడు. ఆ మధ్యాహ్నం చూసినంతసేపే చూశాడు. నేను చేతిలో దండ కేసి చూసుకున్నాను.

"సచ్ హై. అన్నే నేర్పాడు," అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. దండ వేస్తుంటే అతను వంగి, నాకు మాత్రమే వినబడేలా అడిగాడు.

"గొంతు బాగయిందా అన్నా?"

తల ఊపాను. బండి కదిలింది. అసలు గుసగుసగా అందించడానికి ఆ రోజు కూడా నా గొంతు సరిపోయేదే.

అసూయ పోయిందని రాయను. ఆ ప్లాట్‌ఫారం మీద అతను చూపిన మంచితనం మీద కూడా నాకు అసూయే. కాని అతను నేర్చుకున్నది నా దగ్గర కాదు. నేను చేసింది పుస్తకం మూయడం ఒక్కటే. మిగిలినదంతా అతని సొంతం.

కార్యదర్శిగారు ఈ కాగితాలు సంచికలో వేస్తారో లేదో వారి ఇష్టం. వీటితో పాటు ఆ ఫోటో కింది చెక్కముక్క కూడా పంపుతున్నాను. పొద్దున హాలు ఊడ్చేవాడి దగ్గర స్క్రూడ్రైవర్ అడిగి నేనే ఊడదీశాను.