ఆకలోళ్ళ బ్యాండుకు మా ఓనరక్క చారు

మా ఓనరక్క పోయింది. పోయిన వారం పొద్దున్నే వాళ్ళ కోడలు ఫోన్ చేసి, "ఆంటీ, అత్తమ్మ నిద్రలనే పోయింది" అని చెప్పింది. ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలియక, "మీ ఇంట్ల అందరు మంచిగున్నరా?" అని అడిగింది. నాకూ ఏం తోచక, "బాగున్నామమ్మా, మీరు?" అన్నాను. ఇద్దరం ఫోన్లు పెట్టేశాం. అప్పటికి నేను నెల సరుకులు రాసుకుంటూ కందిపప్పు దాకా వచ్చాను. ఆ తర్వాత ఏముంటుందో ఎంతకీ గుర్తు రాలేదు. పెళ్ళయినప్పటి నుంచీ మా ఇంట్లో కందిపప్పు తర్వాత రాసేది చింతపండే.

ఓనరక్క అంటే చందానగర్‌లో మేము చాలా కాలం కిరాయికి ఉన్న ఇంటి యజమానురాలు. కింద ఆవిడ, మధ్య అంతస్తులో మేము, డాబా మీద గదుల్లో సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు. మాది గుంటూరు వైపు. ఆవిడ పుట్టిందీ మెట్టిందీ ఇక్కడే. మేము దిగిన రోజు నా సామానంతా ఓసారి చూసి, "ఇన్ని డబ్బాలకు ఇన్ని పేర్లు రాసుకున్నవేంది చెల్లె, ఉప్పుకు కూడనా? నాలిక లేదా నీకు?" అంది. అదే మా మొదటి పరిచయం. అప్పటికి ఆవిడ భర్త పోయి ఏడాది కూడా కాలేదు. కింద వంటింట్లోంచి తాలింపు వాసన వచ్చేది కాదు. అన్నం ఒక్కటి వండుకుని పచ్చడి వేసుకుని తింటుందని పనమ్మాయి చెప్పింది. పలకరిస్తే నవ్వేది, పొయ్యి మాత్రం సరిగ్గా వెలిగించేది కాదు.

ఇక పాట సంగతి. డాబా మీది కుర్రాళ్ళకి ఒక విదేశీ రాక్ బ్యాండంటే ప్రాణం. దాని పేరు రాయను, ఎందుకంటే అక్క ఒక్కసారి కూడా ఆ పేరు పలకలేదు. ఓ ఆదివారం మధ్యాహ్నం నేను ఆరిన బట్టలు తీసుకుని మెట్లు దిగుతుంటే ఆవిడ చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని నన్ను తోసుకుంటూ ఎక్కింది. మోకాళ్ళ నొప్పి మనిషి అంత జోరుగా ఎక్కడం చూసి, పైన ఏ నీళ్ళ ట్యాంకో పగిలిందనుకుని నేనూ వెనకే వెళ్ళాను.

ఆవిడ తలుపు బాదగానే లోపల పాట ఆగిపోయింది. గోల చేస్తున్నారని తిట్టడానికి వచ్చిందనుకుని ముగ్గురు కుర్రాళ్ళు వరసగా నిలబడ్డారు. "సారీ ఆంటీ" అన్నారు.

"ఎందుకు బంద్ చేసిన్రు? మల్ల పెట్టుండ్రి. ఎవడు గాడు, చారు అడుగుతున్నడు?"

కుర్రాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మళ్ళీ పెట్టారు. ఒక మగ గొంతు, గరగరమంటూ, గుండె తరుక్కుపోయేలా అరిచింది: చారు లేదా... చారు లేదా... నా చెవులతో నేను విన్నాను. ఇంగ్లీషు పాటలో అంత స్పష్టమైన తెలుగు ఎట్లా వచ్చిందో నాకూ అర్థం కాలేదు.

అక్క తలుపు రెక్క పట్టుకుని పాటంతా విన్నది. తర్వాత కిందికి దిగింది. గంట తిరిగేసరికి ఇల్లంతా ఇంగువ, వెల్లుల్లి. గిన్నెడు చారు కుర్రాళ్ళకి వెళ్ళింది, గ్లాసుడు మాకు వచ్చింది. సాఫ్ట్‌వేర్ చదువులు ఊరికే పోవు. మర్నాటి నుంచి ఆ కుర్రాళ్ళు ఆకలైనప్పుడల్లా ఆ పాటే పెట్టారు. స్పీకరు కిందికి తిప్పి మరీ పెట్టారు.

నాకు తలనొప్పి మొదలైంది. గొడవ పెట్టుకోవడానికే ఓ రోజు కిందికి దిగాను. అప్పటికి కుర్రాళ్ళు ఆవిడకి ఓ చిన్న స్పీకరు కొనిచ్చి, పాటలన్నీ వేసి పెట్టారు. వంట ఆ పాటల మీదే నడుస్తోంది. మొదటి పాటకి చింతపండు పిసకడం, రెండోదానికి తరగడం. గిటారు ఒక్కటే చాలాసేపు మోగే చోటుంటుందే, దాన్ని ఆవిడ 'గీకుడు' అనేది. "గీకుడు అయిపోయే లోపట పప్పు మెదగాలె. లేకుంటే నీ పప్పు ముదురుది" అని నన్ను హెచ్చరించింది. నా వంటింటి గోడకి గంట కొట్టే గడియారం ఉండేది. ఆవిడ పప్పు ముందు నా పప్పు ఎప్పుడూ ఆలస్యమే.

"సౌండు కొంచెం తగ్గించక్కా" అందామని నోరు తెరిచాను. గరిటెడు చారు అరచేతిలో పోసింది. ఇంక ఏం అంటాం? నాకు తెలిసిందల్లా మర్యాదకి ఓ సలహా ఇవ్వడం. "చిన్న బెల్లం ముక్క వేస్తే ఇంకా బాగుంటుందక్కా" అన్నాను.

ఆవిడ పాట ఆపేసింది. "చారుల బెల్లమా? చారు చేస్తున్నవా, పాశం చేస్తున్నవా? మీ ఆయన అందుకే గంత మెత్తగున్నడు."

పాశమంటే వాళ్ళ వైపు పాయసం. మా ఆయన మెత్తదనానికి బెల్లమే కారణమని ఆవిడ చివరిదాకా నమ్మింది. నేను కాదని నిరూపించలేకపోయాను.

అదే బ్యాండుది ఇంకో పాట. అందులో ఆ గాయకుడు పదే పదే 'ఉప్పులేవే' అంటాడు. "ఉప్పు లేదే అనాలి కదక్కా, లేవే అంటున్నాడేంటి?" అన్నాను. తప్పు దిద్దకుండా ఉండలేని గుణం నాది. "ఫారినోడు చెల్లె. మన భాష గంత నేర్చుకున్నదే చాలు. జర దయ ఉండాలె నీకు" అంది. చారు లేదు, ఉప్పు లేదు అని ఏడుస్తున్నారు కాబట్టి వాళ్ళకి ఆవిడ పెట్టిన పేరు ఆకలోళ్ళ బ్యాండు. కుర్రాళ్ళ ఫోనులో ఫొటో చూశాక ఆ పేరు ఇంకా ఖాయమైపోయింది. గాయకుడు నిజంగానే పుల్లలా ఉన్నాడు. జుట్టు భుజాల దాకా ఉంది. "తలకు నూనె లేదు, ఒంటికి సత్తువ లేదు. గిసొంటోన్ని గంత సేపు నిలబెట్టి పాడిపిస్తరా? బిడ్డ కండ్లు తిరిగి పడ్తడు" అని వాపోయింది.

ఈ వ్యవహారం ఇంకెంత దూరం పోతుందోనని భయపడింది మా అమ్మాయి. అది హైటెక్ సిటీలో పని చేస్తుంది, పాటల మాటలు తెరమీద చదువుతూ పాడే రకం. ఓ సాయంత్రం అక్క పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. "పెద్దమ్మా, అది చారు కాదు. చార్లీటా. అమ్మాయి పేరు. వాళ్ళు టా అంటే మనకి దా లాగా వినిపిస్తుంది. ఆ అమ్మాయి వదిలేసి వెళ్ళిపోయిందని పాడుతున్నాడు. ఇంకోటేమో, యూ పుల్ అవే, అంటే నువ్వు దూరం జరిగిపోతున్నావు అని. ఉప్పు కాదు."

అక్క వెల్లుల్లి వలుస్తూ ఉంది.

"పిల్ల పోయిందా?"

"పోయింది పెద్దమ్మా."

"మరి వానికి అన్నం ఎవలు పెడ్తున్నరు?"

అక్క నా వైపు తిరిగి, "జూసినవా? నేను అన్నది అదే కదా" అంది. "ఆకలైనోడు ఏ భాషల అడిగినా సమజైతది చెల్లె. మీరు చదువుకున్నోళ్ళు మాటలే ఇంటరు."

అమ్మాయి పైకి వెళ్ళాక ఆవిడ ఇంకో మాట చెప్పింది. వెల్లుల్లి వలవడం ఆపకుండానే చెప్పింది. ఆవిడ భర్త జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మూడు కూరలు పెట్టినా ఆఖరున 'చారు లేదా?' అనేవాడట. "రోజు గదే మాట. నాకు ఒళ్ళు మండేది. ఆ దినం చెయ్యలే. అడిగిండు. 'రోజు చారేంది, ఉన్నది తిని లెవ్వు' అన్న. లేసిండు. సెకండ్ షిఫ్టుకు పోతుంటే బస్సులనే గుండె పట్టేసింది. ఇగ రాలే." ఇంకో రెబ్బ వలిచి, "ఆ ఆదివారం మీద నుంచి గా మాట ఇనవడ్తే... నాకెర్కే చెల్లె, మా ఆయన కాదని. గొంతు కూడ గట్లుండదు. కానీ అడిగినంక లేదు అనబుద్ధి కాలే" అంది.

నాకు కన్నీళ్ళు ఆగలేదు. అక్క నా ముందున్న చింతపండు గిన్నె పక్కకి జరిపింది. "అండ్ల పడకుండ ఏడ్వు. ఉప్పెక్కువైతది."

తర్వాత కొంత కాలానికి ఆ బ్యాండు హైదరాబాదే వచ్చింది. హైటెక్ సిటీ దగ్గర పెద్ద మైదానంలో కచేరీ. మా అమ్మాయి మా ముగ్గురికీ టికెట్లు కొన్నది. వాటి ధర నాకు చెప్పలేదు, నేను అడగలేదు. నా జన్మలో లెక్క రాయకుండా వదిలేసిన ఖర్చు అదొక్కటే.

అక్క అడిగింది ఒకటే ప్రశ్న. "ఎంతమంది ఉంటరు?"

"ఐదుగురు పెద్దమ్మా."

"డ్రమ్ములు కొట్టేటోనికి ఇద్దరి లెక్క పెట్టాలె. వాని కష్టం ఎక్కువ."

ఎవరు చెప్పినా వినలేదు. సాయంత్రం నాలుగు గిన్నెల క్యారేజీలో అన్నం, ఆలుగడ్డ వేపుడు, అప్పడాలు సర్దింది. మూత బిగించే పాల క్యాను నిండా చారు పోసి, పాత తువ్వాలు చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఎంఎంటీఎస్ రైల్లో ఎదురుగా కూర్చున్న కుర్రాడు ల్యాప్‌టాప్ మూసి, "ఎక్కడ దొరుకుతుంది ఆంటీ ఇది?" అని అడిగాడు. మా అమ్మాయి మమ్మల్ని ఎరగనట్టు కిటికీ బయటికి చూసింది.

గేటు దగ్గర నల్ల టీషర్టు వేసుకున్న ఓ బౌన్సర్ క్యాను చూశాడు. మూత తీయించాడు. వంగి వాసన చూశాడు.

"ఏందమ్మా ఇది?"

"చారు."

"బయటి ఫుడ్డు అలౌ లేదమ్మా."

"నాకు కాదు బిడ్డా. లోపట పాడేటోనికి."

ఆ మనిషి ఇలాంటి జవాబు ఎప్పుడూ విని ఉండడు. "ఆయనకు స్టార్ హోటల్ భోజనం వస్తది అమ్మా."

"స్టార్ హోటల్ల చారు పెడ్తరా?"

"సూప్ పెడ్తరేమో."

"సూప్ అంటే చారు రానోళ్ళు చేసుకునేది."

బౌన్సర్ నవ్వాడు, దారి మాత్రం ఇవ్వలేదు. "క్యాను ఈడ పెట్టి పోండ్రి. నేను జూస్త. పోయేటప్పుడు తీస్కపోండ్రి" అన్నాడు. మంచివాడే. మా అమ్మాయి బతిమాలింది, "పెద్దమ్మా, పాటలు మొదలైపోతాయి, రా. ఎన్నాళ్ళ నుంచో చూడాలనుకున్నావు కదా!" వెనక వరసలో జనం విసుక్కుంటున్నారు. అక్క ఓసారి లోపలి వెలుగు వైపు చూసింది. ఓసారి చేతిలో క్యాను వైపు చూసింది.

"ఉత్త చేతులతోని పోయి, వాడు అడిగితే ఏం చెప్పాలె?" అంది. వరసలోంచి పక్కకి జరిగింది.

అమ్మాయిని లోపలికి పంపి నేను ఆవిడతో ఉండిపోయాను. ప్రహరీ గోడ పక్కన ఫుట్‌పాత్ మీద కూర్చున్నాం. రోడ్డు మీద ఆఫీసు క్యాబులు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. గోడ లోపల భూమి దద్దరిల్లుతోంది. వంటింట్లో విన్న పాటలే, కానీ ఇప్పుడు ఛాతీలో కొడుతున్నాయి. 'ఉప్పులేవే' వచ్చింది. 'గీకుడు' వచ్చింది. "ఇయ్యాల జర ఎక్కువ గీకుతున్నడు. పప్పు మాడేది" అంది అక్క. డ్యూటీ దిగిన ఆ బౌన్సర్ మొహమాటంగా వచ్చి మా పక్కన నిలబడ్డాడు. అతను అడక్కుండానే ఆవిడ క్యారేజీ మూతలో అన్నం పెట్టింది. అప్పడం కూడా పెట్టింది. చారు మాత్రం పోయలేదు. "ఆగు బిడ్డా, అది వానిది. వాడు తిన్నంక" అంది. అతను సరేనన్నాడు.

చివరికి ఆ పాట మొదలైంది. సగంలో గాయకుడు పాడడం ఆపేశాడు. బదులుగా లోపలున్న జనమంతా ఎత్తుకున్నారు. వేలమంది, అందరూ ఈ చుట్టుపక్కల అద్దాల మేడల్లో పనిచేసే పిల్లలే, ఒక్క గొంతుతో ఆ మాటే అడిగారు. చారు లేదా... చారు లేదా... తర్వాత డ్రమ్ములు ఆగాయి. గిటారు ఆగింది. ఎవరో జవాబు చెప్పాలన్నట్టు మైదానమంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది.

అక్క నా భుజం మీద చెయ్యి ఆనించి లేచింది. క్యాను మూత తిప్పి తీసింది.

"ఉన్నదయ్యా!" అని గోడ మీదికి గొంతెత్తి అరిచింది. "ఇయ్యాల ఉన్నది! లెవ్వకు, పోస్తున్న!"

మునివేళ్ళ మీద నిలబడి, రెండు చేతులతో క్యానుని తలపైకి ఎత్తి పట్టుకుంది. లోపలి నుంచి ఎర్రటి వెలుగూ నీలి వెలుగూ వచ్చి ఆవిడ గాజుల మీద పడుతోంది. చారు మీద ఇంకా ఉన్న కాస్త ఆవిరి లేచి, గోడ అంచు దాకా వెళ్ళి, మెల్లగా అవతలికి దాటింది.