మా అత్త విన్న రేడియో వార్త

ఈ రోజు అనంతపురంలో గుమస్తా ఉద్యోగానికి పరీక్ష రాశాను. చంటిబిడ్డతో ఇల్లు కదలలేని నాకోసం, చదువురాని మా అత్తే రోజూ పంచాయతీ రేడియో దగ్గర కూర్చుని వార్తలు విని వచ్చి చెప్పేది. ఈ మధ్యే అంతరిక్షంలోకి వెళ్ళిన తొలి మహిళ ఏ దేశస్థురాలని పేపర్లో అడిగారు. రష్యా అని రాసేశాను. బయట చెట్టు నీడన బిడ్డను ఆడిస్తున్న అత్త దగ్గరికి పరుగెత్తాను.

"నువ్వు చెప్పిందే వచ్చినాది అత్తా!"

"అది సరేమ్మే, ఆ పిల్ల కిందికి దిగొచ్చిందా ల్యాదా? ఆ పొద్దు అది చెప్పేలోగానే రేడియో నిలిచిపాయ. అప్పట్నుంచి నాకు అదే దిగులు."

నాకూ తెలియదు. పరీక్ష రాసి వస్తున్న ఒకాయన్ను అడిగితే, క్షేమంగా దిగిందన్నాడు. అప్పటిగ్గానీ అత్త ముఖం తేటపడలేదు.

ఉద్యోగం సంగతి దేవుడెరుగు, నాకు మాత్రం ఇలాంటి అత్త దొరికింది. మీ ఇళ్ళలోనూ ఉంటే చెప్పండి, కలిసి పొగుడుకుందాం.