మామయ్యగారి త్రేన్పు

మామయ్యగారికి ఉన్న అవలక్షణం ఒకే ఒక్కటి: త్రేన్పు. భోజనం చేసి చెయ్యి కడుక్కుని "బ్రే...వ్" మన్నారంటే ముందుగదిలో ఆయన కుట్టుమిషను మీది బొత్తాలు కిందపడేవి. కొలతలివ్వడానికి వచ్చి అరుగు మీద కూర్చున్నవాళ్ళు, "టైలరుగారి భోజనం అయిపోయింది, పదండి" అంటూ లేచేవాళ్ళు.

"ఛీ ఛీ, పరువు తీస్తున్నారు!" అని అత్తగారు నెత్తి కొట్టుకునేవారు. కోడలికి మాత్రం ఆ మోత వింటే ప్రాణం లేచొచ్చేది. వంట కుదిరిందనడానికి ఆమెకు అదే సర్టిఫికెట్టు.

పుల్లనీళ్ళు గొంతులోకి తన్నుకొచ్చి ఆయనకు ఛాతీ మండిపోతుంటే, చివరికి డాక్టరమ్మ ఆపరేషన్ చేసింది. పొట్ట పైభాగాన్ని ఆహారనాళం చుట్టూ మడిచి కుట్టిందట. మంట మాయమైంది. దాంతోపాటే త్రేన్పూ మాయమైంది!

పొట్ట ఉబ్బిపోతోంది. తిన్నది గుండెల దగ్గర అడ్డం పడుతోంది. అయినా కోడలు వడ్డిస్తే "అమోఘం తల్లీ" అనేసి ఆయన పెరట్లోకి పరుగెత్తేవారు. మనిషి చిక్కి సగమయ్యారు.

"నా వంట సహించట్లేదేమో అత్తయ్యా" అని ముక్కు చీదిన కోడలు, ఓ పూట వెనకాలే వెళ్ళి చూసింది. ముద్ద దిగక, గోడ పట్టుకుని, కళ్ళనీళ్ళతో నిలబడి ఉన్నారు. ఆమె ఉన్నపళాన ఆటో పిలిచి, అత్తగారితో కలిసి ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

"మడత బిగుసుకుంది. బెలూన్ గొట్టం వేసి కాస్త వదులు చేద్దాం" అంది డాక్టరమ్మ.

"ట్రయల్ చూడకుండా కుడితే ఇంతేనమ్మా" అన్నారు మామయ్యగారు.

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "ఆపరేషన్ ముందు అందరూ బతుకుతామా అని అడుగుతారు. ఈయన, తర్వాత త్రేన్పు వస్తుందా అని అడిగారు! కొన్నాళ్ళు రాదంటే మంచం దిగి వెళ్ళిపోబోయారు."

"అదేం పిచ్చి మామయ్యా?" అంది కోడలు.

ఆయన తల వంచుకున్నారు. అత్తగారే అందుకున్నారు. "కొత్తలో కూర మాడ్చి, తలుపు చాటున వణుకుతూ నిలబడ్డావే, అప్పుడు గాలి మింగి మరీ త్రేన్చారు. నువ్వు నవ్వావు. ఇక అదే పట్టుకున్నారు. అంతకుముందు ఈయన తుమ్మినా పక్కగదికి వినపడేది కాదు."



గొట్టం వేసి వదులు చేశాక, ఇంటినుంచి తెచ్చిన సూప్ కోడలు చెంచాతో పట్టింది. గుటక దిగింది! "ఆ డాక్టరమ్మ చల్లగా ఉండాలి" అని అత్తాకోడళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. మామయ్యగారు వెంటనే గాలి మింగబోయారు. కోడలు గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది.

"వద్దు మామయ్యా. నాకోసం చేసింది చాలు. ఎలా ఉందో నోటితో చెప్పండి."

"నిజం చెప్పనా? ఏడవకూడదు మరి."

"చెప్పండి."

"ఉప్పు వెయ్యడం మర్చిపోయావు తల్లీ."

ఇన్నేళ్ళకు మామయ్యగారు తన వంటకు వంక పెట్టినందుకు కోడలు పొంగిపోయి, పక్క మంచం వాళ్ళను అడిగి చిటికెడు ఉప్పు తెచ్చింది.